కోర్టు వదిలేసింది, బేస్‌బాల్ వదల్లేదు

ఈ నెల ఉత్తరాల కట్టలో ఐదారు ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. 1919లో అమెరికా బేస్‌బాల్‌లో జరిగిన ఫిక్సింగ్, అక్కడివాళ్లు ‘బ్లాక్ సాక్స్’ అని పిలిచే వ్యవహారం. 2025లో అక్కడి బోర్డు తీసుకున్న ఒక నిర్ణయంతో పాత కథ మళ్లీ పైకొచ్చింది. నాకు చాలా ఇష్టమైన, చదివినప్పుడల్లా మనసు చివుక్కుమనే విషయం ఇది. మిగతా ప్రశ్నలు వచ్చే సంచికలో చూద్దాం, ఈసారి పేజీ మొత్తం దీనికే.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. మా బాబు బేస్‌బాల్ ఆడతాడు. షూలెస్ జో జాక్సన్ అనే ఆటగాడికి అన్యాయం జరిగిందని, వందేళ్ల తర్వాత ఇప్పుడు న్యాయం చేశారని వాళ్ల కోచ్ చెప్పారట. వాడు ఇంటికొచ్చి నన్ను అడుగుతున్నాడు, నాకేమో ఏమీ తెలీదు. అసలు ఆయన తప్పు చేశాడా లేదా?

జవాబు: చేశాడమ్మా. మీవాడితో మొహమాటం లేకుండా చెప్పండి, డబ్బు తీసుకున్నాడు. కాకపోతే కథ అక్కడితో అయిపోదు, కోచ్ గారి మాటలోనూ కొంత నిజం ఉంది.

అప్పట్లో షికాగో వైట్ సాక్స్ అంటే దేశంలోకెల్లా గట్టి జట్టు. 1919 అక్టోబరులో, దేశ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్‌లో సిన్సినాటి రెడ్స్‌తో తలపడింది. ఆ ఏడాది తొమ్మిది మ్యాచ్‌ల సిరీస్, ముందు ఐదు గెలిచినవాళ్లదే కప్పు. షికాగోవాళ్లు సునాయాసంగా గెలుస్తారని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే 5–3తో ఓడిపోయారు. సిరీస్ మొదలవడానికి ఒకటి రెండు రోజుల ముందే పందేలు ఉన్నట్టుండి సిన్సినాటి వైపు మొగ్గాయి, అది చూసినవాళ్లకు అప్పుడే అనుమానం వచ్చింది.

జరిగిందేమిటంటే, జట్టులో ఫస్ట్ బేస్ ఆడే చిక్ గాండిల్, బోస్టన్‌కు చెందిన స్పోర్ట్ సలివన్ అనే పందెగాడు కలిసి బేరం మొదలుపెట్టారు. సెప్టెంబరు 21న న్యూయార్క్‌లోని అన్సోనియా హోటల్లో గాండిల్ గదిలో ఆటగాళ్లు కూర్చుని మాట్లాడుకున్నారు. ఇంకోవైపు నుంచి మాజీ పిచర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు) బిల్ బర్న్స్, మాజీ బాక్సింగ్ ఛాంపియన్ ఏబ్ అటెల్ ఇంకో బేరం నడిపారు. అందరి వెనకా న్యూయార్క్ జూదాల దొర ఆర్నాల్డ్ రాత్‌స్టీన్ పేరు వినిపిస్తుంది, ఆయన మీద మాత్రం కేసే పెట్టలేదు. ఆటగాళ్లకు లక్ష డాలర్ల దాకా ఆశ చూపించారు, అందులో చేతికొచ్చింది కొంతే. జాక్సన్‌కు చెప్పింది 20,000, ఇచ్చింది 5,000. తోటి పిచర్ లెఫ్టీ విలియమ్స్ ఆ డబ్బు తెచ్చి ఇచ్చాడు. మరుసటి ఏడాది గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) ముందు జాక్సనే ఈ మాట ఒప్పుకున్నాడు. ఇది చాలా ఘోరమైన పని అని భార్య కేటీ తనతో అన్నదని కూడా ఆ వాంగ్మూలంలోనే చెప్పాడు.

మరి అన్యాయం అనే మాట ఎందుకొచ్చిందంటే, ఆ సిరీస్‌లో ఆయన 12 హిట్లు కొట్టాడు, సగటు .375 (అంటే ఎనిమిదిసార్లకు మూడు హిట్ల లెక్క), ఫీల్డింగ్‌లో ఒక్క పొరపాటు లేదు, సిరీస్ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) కూడా ఆయనదే. ఓడిపోవడానికి ఆడినవాడు ఇలా ఆడతాడా అని అభిమానులు అడుగుతారు. నేనూ చాన్నాళ్లు అదే అనుకున్నాను. ఒక్కో మ్యాచ్ స్కోరు విడివిడిగా చూసుకున్నాక నా నమ్మకం కాస్త సడలింది. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో ఆయన బ్యాటు వల్ల ఒక్క రన్ కూడా ఇంటికి చేరలేదు. ఆరూ చివరి మూడు మ్యాచ్‌ల్లోనే వచ్చాయి. ఆ హోమ్ రన్ కొట్టేటప్పటికి ఎనిమిదో మ్యాచ్‌లో షికాగో 5–0తో వెనకబడి ఉంది. దీన్నిబట్టి కావాలనే ఓడించాడని తేల్చెయ్యలేం, ఐదు మ్యాచ్‌లు ఎవరికైనా కలిసిరాకపోవచ్చు. కానీ .375 చూపించి నిర్దోషి అనడం కూడా కుదరదు.

ఆయన జీవితం చూస్తే మాత్రం జాలేస్తుంది. దక్షిణ కరోలినాలో బట్టల మిల్లులో చిన్నప్పుడే పనికి కుదిరినవాడు, చదువు రాదు. కొత్త బూట్లు కరిచి బొబ్బలెక్కితే ఓసారి వట్టి మేజోళ్లతో ఆడాడని ‘షూలెస్’ అన్న పేరు అంటుకుంది. మొత్తం కెరీర్ సగటు .356, అంత సగటు ఉన్న బ్యాటర్లు ఆ ఆట చరిత్రలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. 1951 డిసెంబరులో పోయాడు. 2025 మే 13న మేజర్ లీగ్ కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్, చనిపోయినవాళ్ల పేర్లు శాశ్వత నిషేధపు జాబితాలోంచి తీసేస్తున్నట్టు ప్రకటించాడు. పందేలు కాసి నిషేధానికి గురైన పీట్ రోజ్ పేరూ, 1919 నాటి వాళ్ల పేర్లూ అలా తొలగాయి. దాంతో జాక్సన్ పేరు హాల్ ఆఫ్ ఫేమ్ (మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా) ఓటింగ్‌కు పెట్టడానికి అడ్డు పోయింది, అంతే. తప్పు చేయలేదని ఎవరూ తీర్పు చెప్పలేదు. ఆ తేడా మీ బాబుకు తప్పకుండా చెప్పండమ్మా.

ప్రశ్న: క్రికెట్‌లో అయితే ఒక నో బాల్ వేస్తే స్పాట్ ఫిక్సింగ్ అయిపోతుంది. బేస్‌బాల్‌లో ఒక జట్టు మొత్తం ఓడిపోవాలంటే ఎలా? మిగిలినవాళ్లకు తెలియదా? — విజయవాడ నుంచి ఒక క్రికెట్ అభిమాని

జవాబు: బేస్‌బాల్‌లో పిచర్ చేతిలో ఉన్నంత మ్యాచ్ క్రికెట్‌లో ఏ బౌలర్ చేతిలోనూ ఉండదు. మన దగ్గర ఆరు బంతులకు ఓవర్ మారుతుంది, ఒకడు సరిగ్గా వెయ్యకపోతే కెప్టెన్ ఇంకొకడికి ఇస్తాడు. అక్కడ, ముఖ్యంగా ఆ రోజుల్లో, మ్యాచ్ మొదలుపెట్టిన పిచరే తొమ్మిది ఇన్నింగ్స్ అయ్యేదాకా వేసేవాడు. వైట్ సాక్స్‌కు ఉన్న ఇద్దరు మేటి పిచర్లూ, ఎడీ సికోట్, లెఫ్టీ విలియమ్స్, ఇద్దరూ కుట్రలో ఉన్నారు. ఇంకేం కావాలి?

సికోట్ ఆ ఏడాది 29 మ్యాచ్‌లు గెలిచి ఏడే ఓడినవాడు. డబ్బు ముందే కావాలని పట్టుబట్టి 10,000 డాలర్లు పుచ్చుకున్నాడు. మొదటి మ్యాచ్‌లో రెడ్స్ తొలి బ్యాటర్ మోరీ రాత్ వీపుకు తగిలేలా బంతి వేశాడు. బేరం ఖాయమైందని పందెగాళ్లకు అదే సైగ. ఆ మ్యాచ్ 9–1తో పోయింది. నాలుగో మ్యాచ్ మరీ దారుణం. ఐదో ఇన్నింగ్స్‌లో చేతికొచ్చిన బంతిని ఫస్ట్ బేస్ వైపు ఎటో విసిరాడు. కాసేపటికి అవుట్‌ఫీల్డ్ నుంచి నేరుగా క్యాచర్‌కు (మన వికెట్‌కీపర్ లాంటివాడు) వెళ్తున్న త్రోకు మధ్యలో చెయ్యి అడ్డం పెట్టి జారవిడిచాడు. రెండు పొరపాట్లు, రెండు రన్లు, మ్యాచ్ 2–0. విలియమ్స్ సంగతి చెప్పాలంటే, గురి తప్పనివాడని పేరున్న మనిషి రెండో మ్యాచ్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ముగ్గురిని ఊరికే బేస్ మీదికి పంపించాడు. మొత్తం మూడు మ్యాచ్‌లు వేసి మూడూ ఓడాడు, చివరిదాంట్లో ఒక్కడిని ఔట్ చేసి నాలుగు రన్లు ఇచ్చుకుని మొదటి ఇన్నింగ్స్‌లోనే దిగిపోయాడు.

తెలియదా అంటే, తెలిసింది. పిచర్ ఎదురుగా కూర్చునే క్యాచర్‌కు తెలియకుండా ఎలా ఉంటుంది? నేను ఒక సైగ చేస్తే వాడు ఇంకో బంతి వేస్తున్నాడని రే షాక్ మండిపడ్డాడు. పాత్రికేయుడు హ్యూ ఫుల్లర్టన్, పక్కన మాజీ పిచర్ క్రిస్టీ మాథ్యూసన్‌ను కూర్చోబెట్టుకుని అనుమానంగా కనిపించిన ప్రతి ఆటనూ గుర్తుపెట్టుకున్నాడు. తర్వాత పత్రికల్లో రాశాడు కూడా. రాసినందుకు ఆయన్నే తిట్టారు, ఆటకు మచ్చ తెస్తున్నాడని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కానీ ఇక్కడ దొంగ కనిపిస్తున్నా పట్టుకోవాలని ఇంటివాళ్లకే లేదు. ఏడాది పాటు అదే సికోట్, అదే విలియమ్స్ దర్జాగా ఆడుతూనే ఉన్నారు, 1920లోనూ చెరో ఇరవైకి పైగా మ్యాచ్‌లు గెలిచారు.

ఒక్క బంతి విషయం మీరు ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, ఇప్పుడు అక్కడికీ అదే జబ్బు చేరింది. ఏ బంతి ఎంత వేగంతో పడుతుంది అన్నదాని మీద కూడా ఫోన్లో పందేలు కాయొచ్చు. 2025 నవంబరులో క్లీవ్‌లాండ్ జట్టు పిచర్లు ఇద్దరి మీద సరిగ్గా ఇలాంటి ఆరోపణతోనే కేసు పెట్టారు. తాము తప్పు చేయలేదని వాళ్లు అన్నారు.

ప్రశ్న: యజమాని పరమ పిసినారి, ఆటగాళ్లను పీల్చి పిప్పి చేశాడు, అందుకే వాళ్లు అలా చేశారని ఒక వీడియోలో చూశాను. అలాంటప్పుడు తప్పు యజమానిది కాదా? — వరంగల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి

జవాబు: ఈ కథ వినడానికి బావుంటుంది తమ్ముడూ, దోపిడీ చేసే దొర, తిరగబడిన కూలీలు. అందుకే అంత పాకింది. కానీ ఆ నాటి జీతాల కార్డులు తర్వాత పరిశోధకుల చేతికొచ్చాయి. చూస్తే 1919లో వైట్ సాక్స్ జీతాల మొత్తం లీగ్‌లో ఎక్కువ ఇచ్చే జట్ల సరసనే ఉంది. కెప్టెన్ ఎడీ కాలిన్స్‌కు 15,000 డాలర్లు, బక్ వీవర్‌కు 7,250, జాక్సన్‌కు 6,000. సికోట్ 30 మ్యాచ్‌లు గెలిస్తే ఇవ్వాల్సిన బోనస్ ఎగ్గొట్టడానికి యజమాని చార్లెస్ కమిస్కీ అతన్ని కూర్చోబెట్టాడన్న కథకూ ఆధారం దొరకలేదు, ముప్పయ్యో గెలుపు కోసం సికోట్‌కు అవకాశం ఇచ్చారు.

అలాగని కమిస్కీని నేను వెనకేసుకు రావడం లేదు. ఆ రోజుల్లో ‘రిజర్వ్ క్లాజ్’ అని ఒకటి ఉండేది. ఒకసారి ఒక జట్టుకు సంతకం పెడితే ఆ జట్టు వదిలేదాకా ఇంకెక్కడికీ పోవడానికి లేదు, ఇచ్చింది పుచ్చుకోవాలి లేదా ఇంట్లో కూర్చోవాలి. కాలిన్స్ జీతంలో సగం కూడా లేని జాక్సన్, కాలిన్స్ కంటే తక్కువ బ్యాటరేం కాదు. ఆ జట్టులో రెండు ముఠాలు, కాలిన్స్ లాంటి కాలేజీ చదువుకున్నవాళ్లు ఒకవైపు, గాండిల్ మనుషులు ఒకవైపు, మైదానంలో తప్ప మాటల్లేవు. కడుపుమంట నిజమే. కానీ ఆ కడుపుమంట ఉన్న మిగతావాళ్లంతా అమ్ముడుపోలేదు కదా. అదే జట్టులో, అదే యజమాని కింద, ఇంకా తక్కువ జీతానికి ఆడుతూ సిరీస్‌లో రెండు మ్యాచ్‌లు గెలిపించిన కుర్రాడి గురించి చివర చెబుతాను.

కమిస్కీ చేసిన అసలు తప్పు నా ఉద్దేశంలో వేరే. సిరీస్ నడుస్తుండగానే ఆయన చెవిన పడింది. అయినా నోరు మెదపకుండా మరుసటి ఏడాది ఆ ఆటగాళ్లతోనే మళ్లీ సంతకాలు పెట్టించుకున్నాడు, కొందరికి జీతాలు కూడా పెంచాడు.

ప్రశ్న: కోర్టు నిర్దోషులని చెప్పాక ఎలా నిషేధిస్తారండీ? మన అజారుద్దీన్ విషయంలో హైకోర్టు చెప్పాక నిషేధం పోయింది కదా. — హైదరాబాద్, మల్కాజిగిరి నుంచి

జవాబు: మంచి పోలిక తెచ్చారు. అజారుద్దీన్ మీద బీసీసీఐ 2000 డిసెంబరులో జీవితకాల నిషేధం విధించింది, 2012 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చట్టం ముందు నిలవదని కొట్టేసింది. అంటే ఇక్కడ చివరి మాట కోర్టుది. షికాగోలో వరస తిరగబడింది, ముందు కోర్టు వదిలేసింది, మర్నాడే ఆట నిషేధించింది.

1920 సెప్టెంబరులో షికాగోలో గ్రాండ్ జ్యూరీ కూర్చున్నది నిజానికి వేరే మ్యాచ్ మీద వచ్చిన ఆరోపణ కోసం. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఫిలడెల్ఫియాలో బిల్లీ మహార్గ్ అనే మాజీ బాక్సర్, తనూ అందులో ఉన్నానంటూ బేరం మొత్తం ఒక పత్రికకు చెప్పేశాడు. మర్నాడు సెప్టెంబరు 28న సికోట్, జాక్సన్ ఒప్పుకున్నారు, ఆ తర్వాతి రోజు విలియమ్స్. ఇంకా మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా కుట్రలో పేరొచ్చిన ఎనిమిది మందిలో ఏడుగురిని కమిస్కీ ఆపేశాడు (గాండిల్ ఆ ఏడాది జట్టులో లేడు), టైటిల్ క్లీవ్‌లాండ్‌కు పోయింది.

1921 వేసవిలో విచారణ. ఒప్పుకోలు కాగితాలు మాయమయ్యాయి, అందుకే కేసు వీగిపోయిందని చాలామంది రాస్తారు. కాగితాలు పోయిన మాట నిజమే, కానీ స్టెనోగ్రాఫర్ నోట్సు నుంచి మళ్లీ టైపు చేయించి ఆ వాంగ్మూలాలు జ్యూరీకి వినిపించారు. అసలు చిక్కు చట్టంలో ఉంది. మ్యాచ్ ఓడిపోవడానికి డబ్బు తీసుకోవడం నేరం అని అప్పటి ఇల్లినాయ్ చట్టంలో ఎక్కడా లేదు. అందుకని ‘మోసం చేయడానికి కుట్ర’ అని కేసు పెట్టారు. మ్యాచ్ ఓడాలనుకోవడం ఒక్కటే చాలదు, ప్రజలనూ ఇతరులనూ మోసం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలని జడ్జి హ్యూగో ఫ్రెండ్ జ్యూరీకి చెప్పాడు. ఆగస్టు 2న, మూడు గంటలు కూడా చర్చించకుండా, అందరినీ వదిలేశారు. ఆ రాత్రి ఆటగాళ్లూ జ్యూరీ సభ్యులూ ఒకే రెస్టారెంట్‌లో సంబరాలు చేసుకున్నారు.

అది ఒక్క రాత్రి సంబరమే. అప్పటికే యజమానులు భయపడి, ఫెడరల్ జడ్జి కెనెసా మౌంటెన్ లాండిస్‌ను కమిషనర్‌గా తెచ్చి ఎదురులేని అధికారాలు కట్టబెట్టారు. ఆగస్టు 3న ఆయన ప్రకటన వచ్చింది. జ్యూరీలు ఏం చెప్పినా సరే, మ్యాచ్ అమ్ముకున్నవాడు, అమ్ముతానని మాటిచ్చినవాడు, అలాంటి బేరం జరిగే చోట కూర్చుని విని కూడా తన క్లబ్బుకు వెంటనే చెప్పనివాడు, వీళ్లెవరూ ఇక ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడరు అని దాని సారాంశం. అప్పీలుకు దారి లేదు. అంత అధికారం ఒక్క మనిషికి ఇవ్వడం నాకు నచ్చదు. అయినా సాక్ష్యాలు చూశాక, ఎనిమిది మందిలో ఆరేడుగురి విషయంలో ఆయన తప్పు చేశాడని అనలేకపోతున్నాను.

ప్రశ్న: “ఇది నిజం కాదని చెప్పు జో” అని కోర్టు మెట్ల మీద ఒక పిల్లవాడు ఏడుస్తూ జాక్సన్‌ను అడిగాడట, నిజమేనా? — రాజమండ్రి నుంచి

జవాబు: పత్రికల్లో వచ్చింది, మాట జనం నోళ్లలో పడి నిలిచిపోయింది. అలాంటిదేమీ జరగలేదని జాక్సన్ ఆ తర్వాత చెప్పాడు. నేను ఆయన మాటే నమ్ముతాను.

ప్రశ్న: పైసా తీసుకోనివాడిని కూడా నిషేధించారని విన్నాను. తెలిసి చెప్పకపోవడం, చేయడం ఒకటేనా? నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాణ్ణి, నాకిది మింగుడుపడటం లేదు. — తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఈ పేజీలో నేను రాయాలనుకున్నది అసలు ఈ మనిషి గురించే. అందరూ జాక్సన్ కోసం కన్నీళ్లు పెడతారు. నాకు మాత్రం థర్డ్ బేస్ ఆడిన బక్ వీవర్ గుర్తొస్తే కష్టంగా ఉంటుంది.

వీవర్ ఆ సమావేశాలకు వెళ్లాడు, కూర్చున్నాడు, విన్నాడు. ఒప్పుకోలేదు. డబ్బు తీసుకున్నాడని ఎవరూ చూపించలేకపోయారు. సిరీస్‌లో .324 కొట్టాడు, పొరపాటు ఒక్కటి లేదు. తన కేసు వేరుగా విచారించమని కోర్టును అడిగాడు, ఒప్పుకోలేదు, మిగతావాళ్లతో ఒకే బోనులో నిలబడ్డాడు. లాండిస్ ప్రకటనలో ‘విని కూడా చెప్పనివాడు’ అన్న ముక్క ఆయనకోసమే రాసినట్టుంటుంది. అప్పటికి ముప్పై ఏళ్లు, మంచి ఫామ్‌లో ఉన్నాడు.

తిలాపాపం తలా పిడికెడు అంటారు కదా మాస్టారూ, కానీ ఇక్కడ పిడికెడు తీసుకున్నవాడికీ, గంపెడు తీసుకున్నవాడికీ, అసలు ముట్టనివాడికీ ఒకటే శిక్ష. వీవర్ చెప్పి ఉండాల్సింది, అందులో నాకు అనుమానం లేదు. అతను ఒక్కమాట మేనేజర్ చెవిన వేసి ఉంటే ఆ సిరీస్ అలా ముగిసేది కాదేమో. కానీ ఒక్కసారి ఆ గదిలో మనం కూర్చున్నట్టు ఊహించుకుందాం. ఎదురుగా ఉన్నది రోజూ కలిసి తిని, కలిసి రైలెక్కే స్నేహితులు. చెబితే వాళ్ల బతుకు పోతుంది, చెప్పకపోతే మన బతుకు పోతుందని అప్పటికి ఎవరికీ తెలియదు, ఎందుకంటే అలాంటి నియమమే అప్పటికి లేదు. పైగా సంగతి తెలిసి ఏడాది పాటు ఊరుకున్న యజమానికి ఏ శిక్షా పడలేదే! మౌనం తప్పయితే ఇద్దరికీ తప్పు కావాలి. నా పేచీ అంతా ఇక్కడే. పదేళ్లో పదిహేనేళ్లో కాదు, రెండు మూడేళ్ల సస్పెన్షన్ ఇచ్చి ఉంటే వీవర్ విషయంలో ధర్మంగా ఉండేది.

ఆయన ఊరుకోలేదు. లాండిస్‌కు మొరపెట్టుకున్నాడు, కుదరదన్నారు. 1953లో, అరవై దాటాక కూడా, అప్పటి కమిషనర్ ఫోర్డ్ ఫ్రిక్‌కు ఉత్తరం రాశాడు. 1956 జనవరి 31న షికాగోలో రోడ్డు మీద నడుస్తూ కుప్పకూలి పోయాడు. 2025లో జాబితా నుంచి తీసేసినవాళ్లలో ఆయన పేరూ ఉంది.

ప్రశ్న: అమ్ముడుపోయినవాళ్ల పేర్లే అందరికీ తెలుసు. నిజాయితీగా ఆడినవాళ్లు ఏమయ్యారు? — విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఇందాక ఒక కుర్రాడి గురించి చెబుతానన్నాను కదా, అతని పేరు డిక్కీ కెర్. పొట్టివాడు, పిచర్, 1919 అతనికి మేజర్ లీగ్‌లో మొదటి ఏడాది. వెనక ఫీల్డింగ్ చేస్తున్నవాళ్లలో సగం మంది ఓడిపోవడానికి డబ్బు తీసుకున్నవాళ్లు. అలాంటి జట్టుతో మూడో మ్యాచ్ 3–0తో, ఆరో మ్యాచ్ పది ఇన్నింగ్స్ వేసి 5–4తో గెలిపించాడు. 1920లో 21, ఆ తర్వాతి ఏడాది చితికిపోయిన జట్టుకు ఆడుతూ 19 మ్యాచ్‌లు గెలిచాడు. జీతం పెంచమని అడిగితే కమిస్కీ పెంచలేదు. విసుగెత్తి బయటి జట్టుకు ఆడితే అందుకు సస్పెండ్ చేశారు! 1925లో తిరిగొచ్చాడు కానీ అప్పటికి ఆ చేతిలో పాత సత్తా లేదు. క్యాచర్ షాక్, కెప్టెన్ కాలిన్స్ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లారు. కెర్‌కు అదేమీ రాలేదు, చిన్న లీగుల్లో మేనేజర్‌గా ఊళ్లు తిరిగాడు.

1940లో ఫ్లోరిడాలోని డేటోనా బీచ్ జట్టును చూసుకుంటున్నప్పుడు స్టాన్ మ్యూజియల్ అనే పందొమ్మిదేళ్ల పిచర్ అతని దగ్గరకొచ్చాడు. చేతిలో డబ్బు లేదు, భార్య నిండు గర్భిణి. కెర్ దంపతులు వాళ్లిద్దరినీ తమ ఇంట్లోనే పెట్టుకున్నారు. ఆగస్టులో క్యాచ్ కోసం దూకి మ్యూజియల్ భుజం దెబ్బతింది, ఇక బంతి వేయలేడు. ఆట మానేద్దామన్న నిరాశలో ఉన్నవాడికి, నువ్వు బ్యాటర్‌గా పైకొస్తావని ధైర్యం చెప్పింది కెరే. మ్యూజియల్ సెయింట్ లూయిస్‌కు ఆడి బేస్‌బాల్ చరిత్రలోని గొప్ప బ్యాటర్లలో ఒకడయ్యాడు. కొడుక్కి కెర్ అసలు పేరు రిచర్డ్ అని పెట్టుకున్నాడు. 1958లో హ్యూస్టన్‌లో ఆ ముసలి దంపతులకు ఒక ఇల్లు కొనిచ్చాడు. 1963లో చనిపోయేదాకా కెర్ అదే ఊళ్లో ఉన్నాడు.